జమ్ము తినే ముందు నీళ్లు చూడాలి

(ప్రసంగానికి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైప్ చేసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న. ఈ బకెట్లో నేను తెచ్చిన మొక్క పేరు చెప్పండి చూద్దాం. వెనక వరసలో వాళ్లకి కనబడుతోందా? ఉండండి, పైకెత్తుతాను. నాకన్నా పొడుగు ఇది, చివర్లు మడిచి తెచ్చాను. రెల్లు అంటున్నారు ఎవరో. కాదండీ, రెల్లు పూత తెల్లగా కుచ్చులా ఉంటుంది. తుంగా? తుంగ కాడ చేత్తో పట్టుకుంటే మూడు పలకలుగా తగులుతుంది. దీనికి అలా లేదు. ఆ, అమ్మా, మీరన్నదే. జమ్ము. జమ్ముగడ్డి అంటామే, అదే ఇది.

దీన్ని చూడనివాళ్లు ఉండరు. బస్సు కిటికీలోంచో రైలు కిటికీలోంచో, నీళ్లు నిలిచిన గుంట పక్కన నిటారుగా నిలబడ్డ ఆకుల్ని, వాటి మధ్య పుల్లకి గుచ్చినట్టుండే గోధుమరంగు కంకుల్ని చూసే ఉంటారు. చూశారు కానీ తిండిగా చూసి ఉండరు. చాపలు అల్లుతారు, కప్పు వేస్తారు, అంతవరకే తెలుసు. ఇవాళ నేను చెప్పాలనుకున్నవి రెండు ముక్కలు. ఒకటి, ఇది తినే మొక్క, మనిషి వేల ఏళ్లుగా తిన్న మొక్క. రెండోది, ఫలానా చోట ఉన్న జమ్ము తినొచ్చా లేదా అన్నది జమ్ముని చూసి చెప్పలేం, అది నిలబడ్డ నీళ్లని చూసి చెప్పాలి. నాకు రెండోదే ముఖ్యం. మొదటిది వినడానికి బాగుంటుంది కాబట్టి అక్కణ్నుంచి మొదలుపెడతాను. కానీ రెండోది చెప్పకుండా నన్ను ఈ స్టేజీ దిగనివ్వకండి.

శాస్త్రంలో దీని పేరు టైఫా. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పుస్తకానికెక్కించిన పేరు. ఇందులో ముప్పైకి పైగా జాతులున్నాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ జమ్ము ఉంది. అంత మంచు పడే కెనడాలోనూ ఉంది, అంత ఎండ కాసే ఇరాక్‌లోనూ ఉంది. ఉత్తరాన చల్లటి దేశాల్లో వెడల్పాకు జమ్ము ఎక్కువ, దాన్ని లాటిఫోలియా అంటారు. వెచ్చటి దేశాల్లో డొమింజెన్సిస్ అనే సన్నాకు రకం. తూర్పు ఆసియా నుంచి న్యూజిలాండ్ దాకా ఓరియెంటాలిస్. ఏనుగు పేరు పెట్టిన ఎలిఫాంటినా అనే భారీ రకం ఒకటుంది. ఇన్ని పేర్లు గుర్తుపెట్టుకోవాలా అని టెన్షన్ పడకండి. తినడానికొస్తే అన్నీ దాదాపు ఒకటే.

కానీ కంకి సంగతి మాత్రం తెలుసుకోవాలి, ఎందుకంటే తిండి సగం అక్కడే ఉంది. ఇదిగో, ఈ కంకిని చూడండి. మనం చూసే గోధుమరంగు గొట్టం ఉంది కదా, అది మొత్తం ఆడపూలు. వేలకి వేలు, ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. మరి మగపూలేవి? దాని పైన ఈ పుల్ల బోడిగా ఉంది చూశారా, అక్కడ ఉండేవి. పుప్పొడి రాల్చేసి, పని అయిపోయాక రాలిపోయాయి. అందుకే మనకి ఎప్పుడు చూసినా బోడి పుల్లే కనిపిస్తుంది. ఇందాక చెప్పిన వెడల్పాకు రకంలో మగ భాగం, ఆడ భాగం అంటుకుని ఉంటాయి. సన్నాకు రకాల్లో రెంటికీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. ఇందులో, ఇదిగో, నా వేలు పట్టేంత ఖాళీ. అంటే ఇది ఏ రకం? అవును, సన్నాకు రకమే.

ఇప్పుడు ఈ ఎండిన కంకిని కొంచెం నలుపుతాను. ముందు వరసవాళ్లు ముక్కుకి అడ్డం పెట్టుకోండి. చూడండి ఎలా పొంగుతోందో! ఇంత చిన్న కంకిలోంచి ఇంత దూది వస్తుందని ఎవరనుకుంటారు? ఒక్కో కంకిలో లక్షకు పైగా గింజలుంటాయి, ఒక్కో గింజకి ఒక నూగు పారాచ్యూట్. గాలి ఎటు తీసుకెళ్తే అటు పోతాయి. ఎక్కడో కొత్తగా తవ్విన గుంటలో, చుట్టుపక్కల ఒక్క జమ్ము లేకపోయినా, రెండేళ్లు తిరిగేసరికి జమ్ము నిలబడి ఉంటుంది. ఎవరు నాటారు అంటే గాలి నాటింది. అయితే గింజ లోతు నీళ్లలో నిలదొక్కుకోలేదు. దానికి తడి బురద కావాలి, లేదా పల్చటి నీటి పొర, మీద ఎండ. ఒకసారి నిలదొక్కుకున్నాక ఇక గింజతో పని లేదు. బురద కింద కొమ్ము అడ్డంగా పాకుతుంది. పసుపు కొమ్ము తెలుసు కదా, ఆ తరహాదే, కాకపోతే పొడుగ్గా తాడులా ఉంటుంది. కొంత దూరం పాకి ఒక మొలక, ఇంకొంత పాకి ఇంకో మొలక. మీకు గుంట నిండా జమ్ము కనిపిస్తుంది, వెయ్యి మొక్కలు అనుకుంటారు. తవ్వి చూస్తే అది ఒకే ఒక్క మొక్క కావచ్చు.

ఎక్కడ పెరుగుతుంది అంటే, నీళ్లు కదలని చోట, లేదా మెల్లగా కదిలే చోట. చెరువు అంచు, కాలువ పక్క పల్లం, నది వాలులో చిత్తడి నేల, ఊట పుట్టే చోటు. మోకాలి లోతు దానికి హాయి. నడుము లోతు దాటితే చాలా రకాలు నిలబడలేవు. ఉరవడిగా పారే నీళ్లలో ఉండదు. ఉప్పు కొంచెం కలిసినా సన్నాకు రకాలు ఓర్చుకుంటాయి, అందుకే సముద్రానికి దగ్గరి మడుగుల్లోనూ కనిపిస్తాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. బురదలో వేళ్లు ఎలా బతుకుతున్నాయి? ఎప్పుడైనా ఆలోచించారా? వేరుకి కూడా గాలి కావాలి. కుండీలో మొక్కకి నీళ్లు ఎక్కువ పోస్తే వేరు కుళ్లి చస్తుంది, మనందరికీ జరిగిందే. మరి ఈ బురద, నల్లటి బురద, కాలు పెడితే కుళ్లిన గుడ్ల కంపు కొట్టే బురద, అందులో ఆక్సిజన్ అన్నదే ఉండదు. జమ్ము ఎలా బతుకుతోంది?

ఈ ఆకుని అడ్డంగా కోస్తాను. ఇలా వెలుగుకి ఎదురుగా పెట్టి చూడండి. కనబడుతున్నాయా గదులు? లోపలంతా గదులు గదులుగా, మధ్యలో సన్నటి గోడలు. ఆకు అంటే ఆకు కాదండీ, గాలి గొట్టం. అది కూడా ఊరికే గాలి దిగడం కాదు. లేత ఆకుల్లో లోపలి ఒత్తిడి బయటికన్నా కొంచెం ఎక్కువగా ఉంటుంది, ఎండకి, తేమకి. ఆ ఒత్తిడికి గాలి లేత ఆకులోంచి కిందికి దిగి, కొమ్ములోంచి సాగి, పాత ఆకుల్లోంచి, విరిగిన ఆకుల్లోంచి బయటికి పోతుంది. ఒక పక్క నుంచి లోపలికి, ఇంకో పక్క నుంచి బయటికి. ఇల్లు కట్టేటప్పుడు ఎదురెదురు కిటికీలు పెడతాం చూడండి, ఆ ఏర్పాటే. ఎండిపోయిన పాత ఆకుకి కూడా అక్కడ పని ఉంది. అందుకే జమ్ముని వదిలించుకోవాలనుకునేవాళ్లు ఏం చేస్తారంటే, నీటి మట్టం కన్నా కిందికి కోసేస్తారు. పాతది, కొత్తది అన్నీ కోసి నీళ్లలో ముంచేస్తే కొమ్ముకి ఊపిరాడదు.

వేళ్లకి దిగిన ఆ గాలి కొంచెం చుట్టూ ఉన్న బురదలోకి కూడా కారుతుంది. అప్పుడు బురదలోని ఇనుము తుప్పు పట్టి వేరు మీదే పూతలా అంటుకుంటుంది. ఇదిగో ఈ వేళ్లు చూడండి, కడిగి తెచ్చాను, అయినా తుప్పురంగు పోలేదు. ఈ తుప్పు పూతని గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు తిండి. ఇటలీలో ఫ్లోరెన్స్‌కి దగ్గర్లో బిలాన్చినో అనే చోటు ఉంది. అక్కడ తవ్వకాల్లో ఒక నూరుడు రాయి దొరికింది. సుమారు 30,000 ఏళ్ల నాటిది. దాని గరుకులో ఇరుక్కుపోయిన పిండి రేణువుల్ని మైక్రోస్కోప్ కింద చూస్తే, అవి జమ్ము పిండి రేణువులు. ఈ సంగతి 2010లో అచ్చయింది. 30,000 ఏళ్లు అంటే ఏంటో ఒకసారి ఆలోచించండి. గోధుమ లేదు, వరి లేదు, వ్యవసాయమే లేదు. ఇంకో 20,000 ఏళ్లకి గానీ మనిషి విత్తనం చల్లడం మొదలుపెట్టలేదు. అప్పటికే ఎవరో ఒక మనిషి బురదలోకి దిగి, కొమ్ము పీకి, కడిగి, ఎండబెట్టి, నూరి పిండి చేసుకుంది. పిండి కొట్టడం పంటతో రాలేదు, పంట కన్నా ముందే వచ్చింది. ఈ ముక్క చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆస్ట్రేలియాలో ముర్రే నది పొడవునా ఉన్న ఆదివాసులకి ఒకప్పుడు ఇది ముఖ్యమైన తిండి. అక్కడ దీని పేరు కంబంగి. కొమ్ముల్ని మట్టి పొయ్యిలో పూడ్చి ఉడికించి, నోట్లో పెట్టుకుని నమిలేవాళ్లు. పిండి లోపలికి పోతుంది, పీచు మిగులుతుంది. ఆ పీచు ఉమ్మేసి పారేసేవాళ్లా? పారేసేవాళ్లు కాదు! దాన్ని తొడ మీద పెట్టి పేని దారం చేసేవాళ్లు. ఆ దారంతో వల అల్లేవాళ్లు. ఆ వలతో బాతుల్ని పట్టేవాళ్లు. ఒక్క కొమ్ము, అన్నమూ అదే, వలా అదే. అమెరికాలో నెవాడా ఎడారి మధ్య స్టిల్‌వాటర్ అనే చిత్తడి నేల ఉంది. అక్కడి పైయూట్ అనే ఆదివాసీ జనం తమని తాము పిలుచుకున్న పేరుకి అర్థమే జమ్ము తినేవాళ్లు అని. రష్యాలో డాన్ నది దగ్గర కొసక్కులనే గుర్రపు యోధుల జనం లేత మొవ్వు తినేవాళ్లు. ఆస్పరాగస్ అంటే లేత మొలకలు తినే ఒక కూర, ఇంగ్లీషువాళ్లు జమ్ము మొవ్వుకి కొసక్కుల ఆస్పరాగస్ అని పేరు పెట్టారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని మనుషులు అందరూ ఒకే బురదలో చెయ్యి పెట్టి ఒకే తిండి కనుక్కున్నారు.

కానీ నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది పుప్పొడి. పుప్పొడి తినడం ఏంటి అంటారా? ఇరాక్ దక్షిణాన చిత్తడి నేలల్లో జమ్ము పుప్పొడిని చక్కెరతో కలిపి గుడ్డలో కట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. పసుప్పచ్చటి ముద్దలవుతాయి. ఖిర్రెట్ అంటారు, బస్రాలో అమ్ముతారు. న్యూజిలాండ్‌లో మావోరీలు జమ్ముని రౌపో అంటారు, పుప్పొడిని పుంగాపుంగా అంటారు. నీళ్లతో కలిపి మట్టి పొయ్యిలో వండి రొట్టెల్లా చేసుకునేవాళ్లు. రెండు చోట్లకీ మధ్య సగం భూగోళం ఉంది. చైనా వైద్యంలో ఇదే పుప్పొడి రక్తం ఆపే మందు.

పుప్పొడి ఎలా తీస్తారో చెప్తాను, నేను చేసిన పద్ధతే. మగ కంకి విచ్చుకున్నాక కొద్ది రోజులే దొరుకుతుంది. పొద్దున మంచు ఆరాక వెళ్లాలి, గాలి లేని రోజు చూసుకోవాలి. చేతిలో ఒక కాగితం సంచి. కాడని మెల్లగా వంచి, కంకి తల సంచిలోకి పెట్టి, వేలితో రెండు సార్లు తట్టాలి. అంతే. లోపల పసుపు పొగ లేస్తుంది, మెల్లగా అడుగుకి దిగుతుంది. మొదటిసారి నేను తొందరపడి కంకి విరిచేశాను, పొడంతా నీళ్ల మీద పడిపోయింది. నీళ్ల మీద పసుపు చీర పరిచినట్టు అలా తేలుతూ వెళ్లిపోయింది. విరవక్కర్లేదు. తట్టాలి, వదిలెయ్యాలి. కాడ మళ్లీ నిటారుగా లేస్తుంది, కింద ఆడపూలకి కావాల్సిన పుప్పొడి ఇంకా మిగిలే ఉంటుంది. ఇంటికొచ్చి జల్లించండి, చిన్న పురుగులు ఉంటాయి. జల్లించాక వచ్చే పొడి ఎంత మెత్తన అంటే వేళ్ల మధ్య ఉన్నట్టే తెలీదు. విడిగా దానికి పెద్ద రుచి లేదు, వేరే పిండిలో నాలుగో వంతు కలిపితే రంగు, కమ్మదనం వస్తాయి. పుప్పొడి ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లకండి. పొయ్యి దగ్గర ఎగరెయ్యకండి కూడా, గాలిలో లేచిన పొడికి భగ్గున నిప్పంటుకుంటుంది.

మొవ్వు సంగతి చేతల్లోనే చూపిస్తాను. ఇది లేత మొలక, నా మోచెయ్యంత. బయటి ఆకుల్ని పక్కకి వంచి, మధ్య ఆకుల్ని మాత్రం పట్టుకుని, తిన్నగా పైకి, గుంజకుండా లాగాలి. అప్పుడు కింద టప్‌మని తెగుతుంది, కొమ్ము బురదలోనే ఉండిపోతుంది. ఇప్పుడు పొరలు తీస్తున్నాను. ఒకటి. రెండు. ఈ పొరకీ ఆ పొరకీ మధ్య జిగురు ఉంది చూడండి, కలబంద జిగురులా. మూడు, నాలుగు. ఇక్కడికి ఆకుపచ్చ పోయింది. ఇంకో పొర తీస్తే తెలుపు. గోటితో నొక్కితే దిగిపోతోంది. గోరు దిగినంత మేరే తిండి, దిగనిది పీచు, పారెయ్యడమే. ఇంత మొలకకి తినేది ఒక జానెడు. రుచి కీరదోసకాయకి దగ్గరగా ఉంటుంది. లేదండీ, ఇప్పుడు తినను, మీకూ పెట్టను. ఎందుకో కాసేపట్లో చెప్తాను. ఇది వండాల్సింది.

పచ్చి కంకి గురించి ఒక్క మాట. గోధుమరంగులోకి తిరగకముందు, ఇంకా ఆకులో చుట్టుకుని పచ్చగా ఉన్నప్పుడు కోసి ఉడికిస్తే మొక్కజొన్న పొత్తులా కొరుక్కు తినొచ్చు. మధ్యలో పుల్ల మిగులుతుంది.

కొమ్ము పిండికి ఓపిక కావాలి. ఆకులు ఎండి వాలిపోయిన కాలంలో తవ్వాలి. ఎందుకు అప్పుడే? ఆకు చేసిన ఆహారమంతా అప్పటికి కొమ్ములోకి దిగి ఉంటుంది. కొత్త ఆకులు ఏపుగా లేచాక తవ్వితే ఏం ఉండదు, దాచుకున్నది ఆకులకి పెట్టేసి ఉంటుంది. కొమ్ముకి పైన బెండులాంటి పొర, అది ఒలిచెయ్యాలి. లోపల తెల్లటి బొడ్డు, పీచూ పిండీ కలిసిపోయి ఉంటాయి. దాన్ని చితక్కొట్టి, చల్లటి నీళ్లలో వేసి చేత్తో పిసకాలి. నీళ్లు పాలలా అవుతాయి. పీచు తీసేసి కదపకుండా పెడితే పిండి అడుక్కి దిగుతుంది. పైన తేట వంచెయ్యాలి, మళ్లీ నీళ్లు, మళ్లీ వంచడం. చివరికి అడుగున మిగిలేది తెల్లటి పిండి. 1919లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన క్లాసెన్ ఇదే పిండి మీద పనిచేసి, దీన్ని కొత్త ఆహార వనరుగా వాడుకోవచ్చని రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది, తిండి కరువు అందరి మనసులోనూ ఉంది. అయినా అది ముందుకి సాగలేదు. బురదలోంచి కొమ్ము తియ్యడం, పీచు విడదియ్యడం మాటలు కాదు. నేను ఒక పూటంతా కష్టపడితే వచ్చింది రెండు గుప్పిళ్లు.

ఇక నేను మాటిచ్చిన రెండో ముక్క.

చాలా ఏళ్ల కిందట ఒక గుంట దొరికింది నాకు. ఎంత అందమైన జమ్ము అనుకున్నారు! మనిషికి రెండింతల ఎత్తు, కారు ఆకుపచ్చ, ఒక్క ఆకు మీద మచ్చ లేదు. సంచీ నిండా మొవ్వులు తీశాను. తిరిగొస్తూ ఎందుకో నీళ్లు వచ్చే వైపు నడవాలనిపించింది. ఓ పది నిమిషాలు నడిచి ఉంటాను, అంతే. ఒక తూములోంచి నీళ్లు వచ్చి పడుతున్నాయి. నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగులు. రాళ్ల మీద నీలం మరక. పైన ఏదో పని జరిగే షెడ్డు. సంచీ అక్కడే గట్టు మీద బోర్లించేశాను. ఆ జమ్ము తప్పేం లేదు. అది ఆ నీళ్లలో కూడా అంత పచ్చగా బతికింది, అంతే. కానీ ఆ పచ్చదనం చూసి నేను నమ్మాను చూడండి, అది గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ నడక నడవకపోయి ఉంటే ఆ రాత్రి ఇంట్లో పిల్లలకి కూడా అదే పెట్టేవాణ్ని.

ఇందాక తుప్పు పూత గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఆ తుప్పు నీళ్లలోని సీసం, జింకు, కాడ్మియం లాంటి లోహాల్ని పట్టుకుంటుంది. కొంత వేరులోకీ పోతుంది. ఎక్కువ వేరులో, తర్వాత కొమ్ములో, ఆకుల్లోకి తక్కువ. జమ్ముకి ఈ గుణం ఉందనే కదా మురుగునీటిని శుభ్రం చెయ్యడానికి కట్టే కృత్రిమ చిత్తడి గుంటల్లో ప్రపంచమంతా దీన్ని నాటుతున్నారు. ఆలోచించండి. నీళ్లని కడిగే మొక్క, కడిగిన మురికిని ఎక్కడ పెట్టుకుంటుంది? తనలోనే. మామూలు మొక్క అయితే అలాంటి చోట వాడిపోయి మనకి చెప్తుంది, ఇక్కడ ఏదో బాగాలేదని. జమ్ము చెప్పదు. చెడ్డ నీళ్లలో కూడా నిక్షేపంగా ఉంటుంది. కడిగితే పోతుందా? పోదు. ఉడికిస్తే? లోహం ఉడికితే పోదండీ. అందుకే అనుమానం ఉన్న చోట కొమ్ము అసలు ముట్టుకోకూడదు.

ఉడికిస్తే పోయేవి వేరే ఉన్నాయి. గొర్రెలు, పశువులు దిగే నీళ్లలో లివర్ ఫ్లూక్ అనే పురుగు ఉండొచ్చు. పేడలోంచి గుడ్డు నీళ్లలోకి వస్తుంది, అందులోంచి వచ్చిన పిల్ల ఒక రకం నత్తలోకి దూరి పెరుగుతుంది, నత్తలోంచి బయటికి వచ్చి నీటి మొక్కల కాడలకి అంటుకుని చిన్న గూడు కట్టుకుని కూర్చుంటుంది. కంటికి సరిగా కనబడదు. ఆ కాడని పచ్చిగా తింటే మన కాలేయంలోకి చేరుతుంది. కడుక్కుంటే పోయిందనుకోవడానికి లేదు, గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఉడికిస్తే చస్తుంది. మొవ్వు పచ్చిగా తినొచ్చని చాలా చోట్ల రాస్తారు, వీడియోల్లో అక్కడికక్కడే కొరికి చూపిస్తారు. దయచేసి అలా చెయ్యకండి. ఇందాక నేను తినకపోవడానికి కారణం ఇదే.

మూడోది ఎరువు. ఉన్నట్టుండి ఎక్కడైనా జమ్ము విరగబడి పెరిగిపోతే దానర్థం ఏంటి? ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ అనే పెద్ద చిత్తడి నేల ఉంది. అక్కడ సాగ్రాస్ అనే రంపపుటంచు గడ్డి అసలు గడ్డి. దానికి చాలా పేద నీళ్లు అలవాటు. పైన చెరకు తోటల ఎరువులోంచి ఫాస్ఫరస్ కలిసిన నీళ్లు దిగడం మొదలయ్యాక, ఆ గడ్డి పోయి జమ్ము వచ్చేసింది. అక్కడి నీళ్లలో ఫాస్ఫరస్ వంద కోట్ల భాగాలకి 10 భాగాలు దాటకూడదని ప్రమాణం పెట్టుకున్నారు. అంత సన్నటి తేడాకే గడ్డి తలకిందులైంది. సెనెగల్ నది మీద 1986లో డియామా దగ్గర ఆనకట్ట కట్టారు, సముద్రపు ఉప్పు నీళ్లు పైకి రాకుండా. ఉప్పు ఆగింది, నీటి మట్టం ఏడాది పొడుగునా ఒకేలా నిలబడింది. జమ్ము కాలువల్నీ పడవ దారుల్నీ కప్పేసింది. జమ్ము ఎక్కడికి వచ్చినా దాని వెనకాల నీళ్ల కథ ఒకటి ఉంటుంది.

మరి ఏం చెయ్యాలి? జమ్ము కనబడగానే దాని వైపు నడవకండి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో అటు నడవండి. నేనైతే కనీసం అరగంట నడుస్తాను. తూములు, డ్రైనేజీ, రోడ్డు మీది నీళ్లు దిగే పల్లం, పాత గనులు, మందు కొట్టే పొలాలు, చెత్త దిబ్బలు, ఇవేవైనా కనబడితే వెనక్కి వచ్చేస్తాను. రోడ్డు పక్క గుంటలో జమ్ము ఎంత బాగున్నా వద్దు. ఆకుపచ్చ పెయింటు పోసినట్టు నాచు తేలుతుంటే ఆ నీళ్లలో చెయ్యి కూడా పెట్టకండి. అక్కడ ఎప్పణ్నుంచో ఉన్న మనుషుల్ని అడగండి, ఈ నీళ్లు ఒకప్పుడు ఏంటి, పైన ఏం ఉండేది అని. కంటికి కనబడని పాత సంగతులు వాళ్లకే తెలుస్తాయి. నిజంగా అలవాటుగా తిందాం అనుకుంటే మాత్రం ఆ మట్టిని, నీళ్లని ల్యాబ్‌లో లోహాల కోసం పరీక్ష చేయించండి. అది తప్ప వేరే దారి లేదు.

మంచి నీళ్లు దొరికాయి అనుకుందాం. ఇక మొక్కని పొరబడకూడదు. కంకి ఉన్నప్పుడు పొరబడే పనే లేదు. ప్రమాదం లేత మొలకల దగ్గర. అదే బురదలో ఐరిస్ మొలుస్తుంది, పసుపు పూల ఐరిస్, అది విషం. వస మొలుస్తుంది, అది మందు మొక్క గానీ తిండి కాదు. ఆకులు దూరం నుంచి ఒకేలా కనబడతాయి. మొదలు పట్టుకుని చూడండి. ఐరిస్ మొదలు విసనకర్ర మడిచినట్టు బల్లపరుపుగా ఉంటుంది. జమ్ము మొదలు గుండ్రంగా, ఆకులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. పోయినేటి ఎండు కంకి ఆ దుబ్బులోనే నిలబడి ఉందేమో చూడండి, అది లేకుండా నేను మొలక తియ్యను. చల్లటి దేశాల్లో ఉన్నవాళ్లు, ఇది వింటున్నవాళ్లలో ఉన్నారని తెలుసు, మీరు వాటర్ హెమ్లాక్ అనే మొక్కని గుర్తుపట్టడం నేర్చుకోకుండా బురదలో చెయ్యి పెట్టొద్దు. దాని ఆకు జమ్ములా ఉండదు, కానీ దాని దుంప జమ్ము కొమ్ముల మధ్యే ఉంటుంది, తవ్వేటప్పుడు కలిసి చేతికొస్తుంది. చాలా కొద్ది ముక్క మనిషి ప్రాణం తీస్తుంది.

దుబ్బులోకి వెళ్లే ముందు ఒకసారి ఆగి వినండి, పిట్టలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. గూడు ఉన్న వైపు వెళ్లకండి. కాపాడుతున్న చిత్తడి నేలల్లో మొక్క తియ్యడం నేరం, ముందే కనుక్కోండి.

టైం అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఇదిగో, ఈ బల్ల మీద రెండు దుబ్బులు పెడుతున్నాను. ఒకటి జమ్ము, ఒకటి వస. కంకులు రెండిటికీ తీసేశాను, కావాలనే. పేరు రాసి పెట్టలేదు. ఇద్దరిద్దరుగా రండి, మొదలు పట్టుకుని చూడండి, ఆకు నలిపి వాసన చూడండి. వసకి ఘాటు వాసన ఉంటుంది, జమ్ముకి పచ్చగడ్డి వాసన తప్ప ఏం ఉండదు. ఏది ఏదో నా చెవిలో చెప్పండి, పక్కవాళ్లకి వినబడకూడదు. చేతులు కడుక్కోవడానికి ఆ మూల నీళ్లు, సబ్బు ఉన్నాయి. అమ్మా, మొదట పేరు చెప్పింది మీరే కదా, మీరే ముందు రండి.